బావకి నచ్చని సినిమాలు

అక్క పోయాక బావకి సినిమాల పిచ్చి పట్టిందని చుట్టాలు చెవులు కొరుక్కున్నారు. పెళ్ళాం పోయి నాలుగు నెలలు తిరక్కుండానే ఆదివారం వస్తే చాలు మ్యాట్నీకి తయారవుతున్నాడనీ, పైగా బామ్మర్దిని కూడా వెంటేసుకుని పోతున్నాడనీ అన్నారు. అది పిచ్చి కాదని చిన్నబ్బాయికి తెలుసు. మరి ఏమిటంటే మాత్రం అతనికీ చాలాకాలం అంతుపట్టలేదు.

చిన్నబ్బాయి అంటే చిన్నవాడేం కాదు. యాభై దాటాయి, సొంతంగా కళ్ళజోళ్ళ షాపు ఉంది, నెత్తిమీద వెంట్రుకలు అక్కడక్కడా మిగిలాయి. ఇంట్లో ఆఖరివాడని అక్క పెట్టిన పిలుపు అలా అతుక్కుపోయింది. తల్లి చిన్నప్పుడే పోతే ఆ అక్కే అతనికి తల దువ్వి, ముక్కు తుడిచి, అల్లరి చేస్తే వీపు విమానం మోత మోగించి పెంచింది. పెళ్ళయ్యాక కూడా దూరం పోలేదు, రెండు వీధుల అవతలే కాపురం. బావ టైలరు. ఇంటి ముందు గదే షాపు. ఆయన కత్తిరించి కుట్టేవాడు, అక్క పక్కన పీట వేసుకుని కాజాలు తీసి గుండీలు కుట్టేది. నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయన్నట్టు ఆయన నోరు మెదపకుండా ఉంటే ఇద్దరి మాటలూ ఆవిడే మాట్లాడేసేది. ఎప్పుడైనా ముగ్గురూ కలిసి సినిమాకి వెళ్ళినా అంతే. బయటికొచ్చిన దగ్గర్నుంచి ఇంటి గుమ్మం దాకా అక్క ఏకరువు పెట్టేది, చిన్నబ్బాయి కాదని వాదించేవాడు, బావ చెప్పులు చూసుకుంటూ నడిచేవాడు.

అక్కకి జబ్బు చేసిన సంగతి చిన్నబ్బాయికి ఆవిడ ఆఖరి వారంలో తెలిసింది. ఆసుపత్రి వరండాలో నర్సు మాటల్లో మాటగా, ఏడాది నుంచీ వైద్యం జరుగుతోంది కదా, మీకు తెలియదా అంది. అతను గిర్రున తిరిగి బావ వైపు చూశాడు. బావ గోడకి ఆనుకుని తల దించుకున్నాడు. ఆ తల దించుకోవడం చిన్నబ్బాయి గుండెల్లో ముల్లులా దిగబడిపోయింది. తర్వాత జరగాల్సినవన్నీ దగ్గరుండి జరిపించాడు గానీ బావతో అవసరానికి మించి ఒక్క మాట ఆడలేదు.

అలాంటిది ఒక ఆదివారం మధ్యాహ్నం బావే ఫోన్ చేశాడు, సినిమాకి వస్తావా అని. చిన్నబ్బాయికి ఒళ్ళు మండింది. పక్కనే ఉండి విన్న భార్య, "ఆయన నోరు తెరిచి ఒకర్ని ఒకటి అడగడం నా పెళ్ళయ్యాక ఇదే వినడం. వెళ్ళి రండి," అంది. వెళ్ళాడు.

అదొక కొట్లాటల సినిమా. హాల్లో ఇద్దరూ మధ్యలో ఒక కుర్చీ వదిలి కూర్చున్నారు. అక్క అలవాటుగా మధ్యలో కూర్చునేది, ఆ అలవాటు కాళ్ళకింకా పోలేదు. ఆట అయ్యాక ఎదురుగా ఉన్న టీ కొట్టు దగ్గర నిలబడ్డారు. టీ సగం తాగాక బావ అన్నాడు, అంతమందిని చితక్కొట్టినా హీరో చొక్కా చంక దగ్గర ఒక్క కుట్టు ఊడలేదని, ఆ దారం ఎక్కడ దొరుకుతుందో అని. వేళాకోళానికి కాదు, నిజంగానే అడిగాడు. చిన్నబ్బాయికి నవ్వొచ్చింది గానీ పళ్ళ బిగువున ఆపుకున్నాడు.

అలా మొదలైంది. ప్రతి ఆదివారం ఏది ఆడుతుంటే అది చూడటం, టీ తాగటం, బావ ఒక్క ముక్కలో తీర్పు చెప్పటం. ఒకటీ ఆయనకి నచ్చేది కాదు. మొగుడూ పెళ్ళాలు కోర్టులో జడ్జి ముందు గంటసేపు ఒకర్నొకరు దులిపేసుకునే సినిమా చూసొచ్చి, అంతసేపు మాట్లాడుకోగలిగేవాళ్ళకి విడాకులెందుకయ్యా అన్నాడు. దెయ్యం సినిమా అయితే ఆయనకి బొత్తిగా నచ్చలేదు. చచ్చిపోయిన పెళ్ళాం దెయ్యమై వచ్చి ఒక్కొక్కడి పీకా నొక్కుతుంది. జనం కేకలు పెట్టారు. బావ మాత్రం టీ గ్లాసు తిప్పుకుంటూ, వచ్చినావిడ పగ తీర్చుకోవడానికే రావాలా, ఊరికే ఒకసారి అందర్నీ చూసి పోదామని రాకూడదా అన్నాడు. చిన్నబ్బాయి డబ్బులిచ్చే వంకతో అటు తిరిగాడు.

కోపం పోలేదు. కానీ ఆదివారం పొద్దున్నే ఫోన్ వైపు చూడటం అలవాటైంది.

వానలు మొదలయ్యాక ఒక ఏడుపు సినిమా వచ్చింది. హీరోయిన్‌కి నయంకాని జబ్బు. ప్రేమించినవాడికి చెప్పదు. ఆమె స్నేహితురాలు ఒక్కతికే తెలుసు. చివర్లో హీరోకి తెలిసి, పరిగెత్తుకొచ్చి, ఆమె తల ఒళ్ళో పెట్టుకుని ఏడుస్తాడు. హాలంతా ముక్కులు చీదింది. చిన్నబ్బాయికి తెర మసకబారింది. బావ వైపు తిరిగి చూడలేదు.

బయట వాన పట్టుకుంది. టీ కొట్టు రేకు కిందకి ఇద్దరూ ఇరుక్కుని నిలబడ్డారు.

"ఆ స్నేహితురాలు ఏమైందో చూపించలేదు," అన్నాడు బావ.

ఏ స్నేహితురాలని అడిగాడు చిన్నబ్బాయి. నిజంగానే అతనికి గుర్తు లేదు.

"మందులు తెచ్చిచ్చే పిల్ల. అతను ఫోన్ చేసినప్పుడల్లా ఊళ్ళో లేదనో, పడుకుందనో అబద్ధాలు చెప్పింది చూడు, ఆ పిల్ల." బావ గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నాడు. "దాచినావిడకి ఒక పాట పెట్టారు. తెలియనివాడు ఏడవడానికి అంత సీను పెట్టారు. దాచడానికి సాయం చేసినదాన్ని మాత్రం గాలికి వదిలేశారు. ఆఖర్న ఆ గదిలోకి కూడా రానివ్వలేదు."

చిన్నబ్బాయికి అర్థమైంది. ఇన్ని నెలలుగా లోపల పెట్టుకున్న మాట అప్పుడు బయటికొచ్చింది.

"మీరు నాకు చెప్పి ఉండాల్సింది బావా."

"చెప్పాల్సిందే."

"ఆవిడంటే చెప్పొద్దంది. మీ బుద్ధేమైంది?"

"ఒట్టు వేయించుకుంది," అన్నాడు బావ. "నేనూ పోట్లాడాను, నా చేతనైనంత. వాడొక్కడికీ చెప్పొద్దండీ అంది. మీ మొహం చూస్తే నాకు జబ్బే కనిపిస్తోంది, ఇంక వాడి మొహంలో కూడా అదే చూడాలా అంది. తమ్ముడు తమ్ముడిలాగే ఉండాలి, నాతో పోట్లాడేవాడు ఒక్కడైనా మిగలాలి అంది."

చిన్నబ్బాయి రేకు మీంచి కారే నీళ్ళు పడకుండా గ్లాసు ఇటు జరుపుకున్నాడు.

"పోయినేడు ఎండాకాలంలో సినిమాకి పోయాం, గుర్తుందా? మీ అక్క మధ్యలో నిద్రపోయింది," అన్నాడు బావ.

గుర్తుంది. గుర్తు లేకపోతే బాగుండేది. ఇంటర్వెల్ తర్వాత అక్క కుర్చీలో వెనక్కి వాలి పడుకుండిపోయింది. బయటికొచ్చాక మామూలుగానే, రెండో సగం సాగదీశాడురా అంది. గురక పెట్టి నిద్రపోయి తీర్పులు చెప్తావా, ముసలిదానివైపోయావు, ఇంట్లో పడుండక సినిమాలెందుకు నీకు అని అతను నడిరోడ్డు మీద దులిపేశాడు. ఆవిడ ఊరుకుంటుందా, ఒకటికి నాలుగు అంటించింది. ఆ పంతంతో వారం రోజులు అతను ఆ వీధిలోకే పోలేదు.

"ఆ మందులకి నిద్రొచ్చేసేది దానికి," అన్నాడు బావ. "ఆ రోజు ఇంటికొచ్చి ఎంత పొంగిపోయిందో నీకు తెలీదు. వాడు నన్ను తిట్టాడండీ, ఎప్పట్లాగే తిట్టాడండీ అని పడుకునేదాకా అదే మాట."

చిన్నబ్బాయి చేతిలో గ్లాసు బల్ల మీద పెట్టి, వానలోనే నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. వెనక నుంచి బావ పిలవలేదు.

తర్వాతి ఆదివారం ఫోన్ మోగితే ఎత్తలేదు. ఆ పై ఆదివారం మోగలేదు. షాపులో కూర్చుంటే ఒకరి అద్దాలు ఇంకొకరి ఫ్రేములో బిగించి తిట్లు తిన్నాడు. అక్క మీద పంతంతో వదిలేసిన ఆ వారం రోజులూ అతన్ని వదల్లేదు. ఆ ఏడు రోజుల్లో ఒక్క సాయంత్రం వెళ్ళి ఉంటే ఏమయ్యేది? ఏమీ అయ్యేది కాదు. అక్క కాజాలు తీస్తూ దెప్పేది, అంతే. ఆ దెప్పటం కూడా తను పోగొట్టుకున్నట్టే కదా అనిపించేది. భార్య అడిగితే తలనొప్పి అన్నాడు. ఆమె నమ్మినట్టు ఊరుకుంది.

చివరికి ఒకరోజు షాపు పెందరాళే కట్టేసి బావ దగ్గరికి వెళ్ళాడు. బావ మిషన్ మీద వంగి ప్యాంటు కుడుతున్నాడు. గడ్డం మాసి ఉంది. అక్క పీట ఖాళీగా ఉంది. చిన్నబ్బాయి గిరాకీలు కూర్చునే బెంచీ మీద కూర్చున్నాడు.

"ఆ ఏడాదీ ఎలా గడిచిందో చెప్పండి," అన్నాడు. "మొదట్నుంచీ చెప్పండి."

బావ మిషన్ ఆపాడు. చెప్పడం ఆయనకి చేతకాదు. ముందుది వెనకా వెనకది ముందూ చెప్పాడు. డాక్టరు సంగతి తేల్చి చెప్పిన రోజున తిరిగొస్తూ అక్క దారాల కొట్టు దగ్గర ఆగి ఉండల ధర గురించి దెబ్బలాడిందన్నాడు. మాత్రలు గుండీల డబ్బాలో దాచేదట. తమ్ముడి గొంతు వీధిలో వినిపిస్తే బుగ్గలు గట్టిగా రుద్దుకునేదట, రంగు రావాలని. ముగ్గురూ నడిచేటప్పుడు మీరు నెమ్మదిగా నడవండి, మోకాలు నొప్పనండి, అప్పుడు నేను వెనకబడినట్టుండదు అందట. బావ మోకాలి నొప్పి చిన్నబ్బాయికి గుర్తే. దానికి ఒక తైలం కూడా తెచ్చిచ్చాడు. మధ్యలో ఎవరో గిరాకీ చొక్కా కోసం వస్తే బావ లేచి పొట్లం కట్టిచ్చి, కూర్చుని, ఎక్కడ ఆపానో మర్చిపోయానన్నాడు. అప్పుడు ఏడ్చాడు. ఆసుపత్రిలో కూడా ఏడవని మనిషి, టేపు మెళ్ళో వేలాడుతుండగా, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. చిన్నబ్బాయి లేచి వెళ్ళి ఆయన భుజం మీద చెయ్యి వేశాడు.

బావ మీద కోపం ఆ సాయంత్రంతో పోయింది. దాని చోట అక్క మీద కోపం వచ్చి కూర్చుంది. నన్నడక్కుండా నా గురించి నువ్వెలా తేల్చేశావని నిలదీయాలని ఉంది. నిలదీయడానికి ఆవిడ లేదు.

ఇప్పటికీ సినిమాలకి వెళ్తున్నారు, ప్రతి వారం కాదు గానీ. మొన్నామధ్య ఒక కుటుంబ సినిమా చూశారు. అన్నదమ్ములు విడిపోయి కలుస్తారు. టీ దగ్గర బావ, కలవడం మరీ సులువుగా అయిపోయిందన్నాడు. చిన్నబ్బాయికీ సరిగ్గా అలాగే అనిపించింది. అయినా కావాలని అడ్డం తిరిగాడు. మీకు కథ అర్థం కాలేదు బావా, నిద్రపోయారా ఏమిటి, ఆ చివరి సీను లేకపోతే సినిమానే లేదు అని గొంతు పెంచి వాదించాడు.

బావ అతని మొహంలోకి చూశాడు.

"అలాగే అయి ఉంటుందిలే," అన్నాడు.

ఇద్దరూ గ్లాసులు పెట్టేసి ఇంటి దారి పట్టారు.