గాలానికి కట్టిన తాళంచెవులు

మా ఆయన చేపలు పడతారని అందరూ అనుకుంటారు. ఇరవై రెండేళ్ల కాపురంలో ఆయన ఇంటికి తెచ్చిన చేపల్ని లెక్కపెట్టడానికి నా చేతివేళ్లు చాలు, ఇంకా రెండు మిగుల్తాయి కూడా. వాటికోసం ఆయన పాడుచేసిన నా సామానుకు మాత్రం లెక్కే లేదు. గాలం మునగాలంటే దారానికి బరువు కట్టాలట. ఆ బరువుల కోసం సీసం తెచ్చి, నా పాలగిన్నెలో కరిగించి గుళ్లు పోసేవారు. ఆ గిన్నె పారేశాను. మర్నాడు ఇంకో గిన్నె పొయ్యి మీద కనిపించింది.

అందుకే చెరువు దగ్గర సీసం గుళ్లు వాడకూడదనీ, అవి మింగి బాతులు చచ్చిపోతున్నాయనీ బోర్డు పెట్టినప్పుడు, ఆ పెట్టినవాళ్లకి మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను. నా సంబరం వారం కూడా నిలవలేదు. ముందు గులకరాళ్లు ఏరుకొచ్చి నా మేజోళ్లు కత్తిరించి వాటిలో మూటలు కట్టారు. నీళ్లలో వెయ్యగానే మూటలు విడిపోయి రాళ్లు చెరువుపాలు, మేజోళ్లు చెత్తబుట్టపాలు. తర్వాత మందుసీసాల మూతల్లో సిమెంటు పోశారు. మిగిలిన సిమెంటు స్నానాలగది తూములో పోశారు. ఆ పైన వంటింట్లో స్టూలుకున్న బోల్టులు విప్పుకుపోయారు. ఆ సంగతి స్టూలు మీద కూర్చున్నాకగానీ నాకు తెలియలేదు. నడుం పట్టేసి మూడు రోజులు మంచం దిగలేదు.

"మీ కొట్లో ఇనప తుక్కే లేదా? నా కొంపే దొరికిందా?" అని అరిచాను. అలా అరవకుండా ఉండాల్సింది.

మా ఆయనది తాళాలు బాగుచేసే కొట్టు. దేనివో తెలియని పాత తాళంచెవులు అక్కడ రెండు డబ్బాల నిండా ఉంటాయి. నా మాట పట్టుకుని వాటిని మూడేసి చొప్పున తీగతో కట్టి గాలానికి వేలాడదీశారు. అవి నిటారుగా మునిగాయి, అటూ ఇటూ దొర్లలేదు. ఇక ఆయన్ని పట్టడం ఎవరి తరం? చెరువు దగ్గర తోడుండే పోస్ట్‌మాన్‌కీ, బస్సు కండక్టరుకీ చెరొక గుత్తి కట్టిచ్చి, ఏదో కొత్త యంత్రం కనిపెట్టినవాడిలా తిరిగారు.

ఇక్కడ మా అమ్మ సంగతి చెప్పాలి. నేను ఇష్టపడి ఈయన్ని చేసుకున్నానని అమ్మకి చచ్చేదాకా కోపం. నా ఎదుట ఎప్పుడూ "తాళాలోడు" అనే అంది. ఆ తాళాలోడు నీకు ఏ తలుపు తెరుస్తాడే అని దెప్పేది. నాలుగు నెలల క్రితం పోయింది. ఆమె చెక్క బీరువా తాళం వేసే ఉంది, తాళంచెవి ఇల్లంతా వెతికినా దొరకలేదు. ఆ పాతకాలం తాళాన్ని విప్పాలంటే తలుపు చెక్కెయ్యాల్సిందేనట. దానికి సరిపోయేది తన డబ్బాల్లోనే ఉందని మా ఆయన ఒకటే పట్టు. రోజూ సాయంత్రం జేబునిండా తాళంచెవులు వేసుకుని మా అన్నయ్య ఇంటికి వెళ్లి ఒక్కొక్కటీ తిప్పి చూసేవారు. ఎందుకంత నమ్మకమని అడిగితే నోరు విప్పేవారు కాదు.

అన్నయ్యకి ఓపిక నశించింది. సోమవారం ఆ గదికి రంగులు వేస్తారు, సామాను తియ్యనిదే బీరువా కదలదు. ఆదివారం సాయంత్రం అయిదింటిదాకా చూస్తాను బావా, ఆ తర్వాత పలుగు పెట్టి పగలగొడతాను అన్నాడు. బీరువాలో ఏముందో నాకక్కర్లేదు. పోయాక కూడా అమ్మ మాటే నెగ్గుతుందేమోనని నా ఏడుపు.

శనివారం భోజనం చేస్తూ మా ఆయన నింపాదిగా ఉన్నారు. నీలం డబ్బాలోవి అన్నీ తిప్పి చూసేశారట, అందుకే గాలానికి అవే వాడుతున్నారట. చూడాల్సినవి ఎర్ర డబ్బాలో గుప్పెడే మిగిలాయట. రేపు తెరుచుకోవడం ఖాయమట.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. రెండు వారాల క్రితం కొట్టు తుడవడానికి వెళ్లి, ఆ రెండు డబ్బాలూ ఒకే గుడ్డ మీద కుమ్మరించి, తుప్పు తుడిచి, ముందు దేంట్లో ఎంతుందో అంతే కొలిచినట్టు మళ్లీ నింపింది నేనే. ఏవి ఎందులోవో ఎవరికి తెలుసు? గాలాలకి గుత్తులు కట్టింది ఆ తర్వాతే. నాకు శుభ్రం ఎక్కువ. ఆయన్ని ఇరవై రెండేళ్లుగా తిట్టిన నోటితో ఈ మాట ఎలా చెప్పను?

ఆదివారం మధ్యాహ్నం నేనూ చెరువుకి వస్తానన్నాను. ఆయన మొహం వెలిగిపోయింది. నా కోసం మడత కుర్చీ మోసుకొచ్చి, బోల్టులు గట్టిగా ఉన్నాయో లేదో రెండుసార్లు చూసి మరీ వేశారు. ఆ మనిషిని చూస్తే నాకు ఇంకా సిగ్గేసింది. ఆయన గాలం విసిరినప్పుడల్లా నా గుండె దాంతోపాటే నీళ్లలోకి పోతోంది. మూడోసారి విసిరింది నాచులో చిక్కుకుంది. ఎంత లాగినా రాలేదు. దారం కోసేద్దామని జేబులోంచి కత్తెర తీశారు.

"కొయ్యకండి! అమ్మ బీరువాది అందులోనే ఉందేమో. డబ్బాలు కలిపేసింది నేనే," అన్నాను.

తిడతారనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. కత్తెర కిందపడేసి, చొక్కాతోనే చెరువులోకి దిగిపోయారు. ఆయనకి ఈత రాదు. అందుకని నేనూ దిగాను. నాకూ రాదు. మా అదృష్టం కొద్దీ అక్కడ నీళ్లు నడుం దాకానే ఉన్నాయి. పోస్ట్‌మాన్ గట్టు మీద నుంచి, ఇద్దరూ కలిసి దూకేంత కష్టం ఏమొచ్చిందని అడిగాడు.

నాచులోంచి గుత్తి బయటికొచ్చింది. కండక్టరు తనది వెంటనే విప్పి ఇచ్చాడు. పోస్ట్‌మాన్ మాత్రం ఇవ్వనన్నాడు. అప్పుడే దాంతో మోచెయ్యంత చేప పట్టాడు, అది అచ్చొచ్చిన గుత్తట. మర్నాడు తిరిగి ఇచ్చేస్తానని మూడుసార్లు మాటిస్తేగానీ చేతిలో పెట్టలేదు.

కొట్లోంచి డబ్బాలు తీసుకుని మేమిద్దరం నీళ్లు కారుకుంటూ అన్నయ్య ఇంటికి వెళ్లేసరికి అన్నయ్య పలుగు పట్టుకుని బీరువా పక్కనే నిలబడి ఉన్నాడు. ఎర్ర డబ్బాలో గుప్పెడూ అయిపోయింది. నీలం డబ్బాలో మిగిలినవీ అయిపోయాయి. మేము చెరువులో దిగి తెచ్చినవి కన్నంలో దూరనే లేదు. కండక్టరువి దూరాయి, తిరగలేదు. అన్నయ్య గడియారం చూసి చేతులు రుద్దుకున్నాడు. పోస్ట్‌మాన్ గుత్తిలో మొదటిది కాదు, రెండోది కాదు. మూడోది టక్కున తిరిగింది.

తలుపు తెరుచుకుంది. అన్నయ్య దుప్పట్లు బయటికి లాగుతున్నాడు. మా ఆయన బీరువా వైపు చూడనే లేదు. నేల మీద కూలబడి ఆ తాళంచెవిని తడి చొక్కాతో తుడుస్తున్నారు.

"ఇది నేను చేసిందే. తొమ్మిదేళ్ల కిందట మీ అమ్మే మన కొట్టుకి వచ్చి ఈ బీరువాకి ఇంకో తాళంచెవి చేయించింది. తన దగ్గరుంటే పారేసుకుంటుందట, నన్ను దాచమంది," అన్నారు.

నాకెందుకు చెప్పలేదని అడిగాను. చెబితే నేను వెటకారం చేస్తానని అమ్మ ఒట్టు వేయించుకుందట. చీటీ కడితే నేను చూస్తానని చీటీ కూడా కట్టకుండా డబ్బాలో పడేశారట. నాలుగు నెలలు రోజూ సాయంత్రం తిరిగారుగానీ ఆ ఒట్టు తప్పలేదు.

"ఆ రోజు మిమ్మల్ని ఏమని పిలిచింది?"

"అల్లుడూ అంది," అన్నారు. ఆ తర్వాత, కాస్త నూనె కూడా రాయమందని చెప్పారు.

నేను అక్కడే కూర్చుని ఏడ్చాను. అన్నయ్య పలుగు తలుపు వెనక పెట్టేసి, తుడుచుకోమని నాకు అమ్మ తువ్వాలు ఇచ్చాడు.

మర్నాడు పొద్దున్నే పోస్ట్‌మాన్ వచ్చి తన గుత్తి అడిగాడు. నేనే స్వయంగా తీగ చుట్టి ఇచ్చాను. దాంతో చేపలు పడటం లేదని ఇప్పటికీ కనిపించినప్పుడల్లా సణుగుతాడు. అందులో మూడోదాని బదులు ఇంకో తాళంచెవి కట్టానని అతనికి చెప్పలేదు.