జాలీ తలుపుకి సెన్సర్

తప్పు మీది. గోడకి రంగుల గీతల్లో లెక్కలు చూపించే కంప్యూటర్ తెర తగిలించి దాని ముందు నిలబడి ఫొటోలు దిగిన యజమానులది, ఆ తెర మీద ఎరుపు కనపడగానే ఎవడి పేరని అడిగిన మేనేజర్లది. ఆ ఎరుపు ఎక్కడి నుంచి వస్తోందో, ఎవరి వేలు దేని మీద నొక్కితే వస్తోందో నాలుగేళ్ళలో ఒక్కరంటే ఒక్కరు లేచి వెళ్ళి చూడలేదు. ఎంత దూరమని? మేనేజర్ గదికీ ఫిర్యాదుల గదికీ మధ్య ఇరవై రెండు మెట్లు. ఊరందరి లిఫ్టులూ బాగుచేసే కంపెనీలో సొంత మెట్లు దిగడానికి ఎవరికీ కాళ్ళు రాలేదు.

ఆ మెట్ల కింద గదిలో కూర్చునే మనిషిని అందరూ ఫోనక్క అంటారు. పదకొండేళ్ళుగా ఆ కుర్చీ ఆమెది. చెవులకి హెడ్‌ఫోన్, ఎదురుగా కంప్యూటర్, పక్కన వీపు విరిగిన ఖాళీ కుర్చీ. భవనాల వాళ్ళు ఫోన్ చేసి మా లిఫ్ట్ ఆగిపోయిందంటారు. ఆమె మెకానిక్‌ని పంపుతుంది. పని అయ్యాక అతను ఫోన్ చేసి ఏం పాడైందో చెప్తాడు. ఆమె కంప్యూటర్‌లో ఎక్కిస్తుంది. అంతే ఉద్యోగం.

నాలుగేళ్ళ కిందట కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చింది. అందులో పాడైనదేమిటో ఒక జాబితాలోంచి ఎంచుకోవాలి. మొదటి వరస తలుపు సెన్సర్. ఆరో వరస బ్రేక్. బ్రేక్ నొక్కితే ఇంకో పేజీ తెరుచుకుంటుంది. లిఫ్ట్ మోసే బరువెంత, తాడు ఎప్పుడు మార్చారు, సూపర్‌వైజర్ అనుమతి నంబరెంత అని మొత్తం పద్నాలుగు గడులు. ఒక్కటి వదిలినా ముందుకి కదలదు. మొదటి వరసకి తప్ప మిగతావాటికీ ఇలాంటి పేజీలే. ఇంకోపక్క ఏ ఫోనూ మూడు నిమిషాలు దాటకూడదని రూలు. దాటితే ఆమె పేరే ఎర్రబడుతుంది. వారంలో మూడుసార్లు ఎర్రబడితే పైకి పిలుపొస్తుంది.

అందుకని ఫోనక్క ఏ ఫోనొచ్చినా మొదటి వరస నొక్కేది. అన్నిటికంటే కింద "ఇతర వివరాలు" అని ఒక ఖాళీ గడి ఉంది. మెకానిక్ చెప్పింది చెప్పినట్టు పొల్లుపోకుండా అందులో కొట్టేది. రాశాను కదా, కావలసినవాళ్ళు చదువుకుంటారు అనుకుంది. కొన్నాళ్ళకి అలా అనుకోవడం కూడా మానేసింది. చెయ్యి దానంతటది మొదటి వరస మీదికి పోయేది.

కావలసినవాళ్ళెవరూ లేరు. ఆ గడిలో రాసింది తెర మీదికి పోదు. తెరకి లెక్కపెట్టడం వచ్చు, చదవడం రాదు.

ఆమెని ఈ ఉద్యోగంలో పెట్టించింది ఆమె అక్క మొగుడు. పెద్ద మెకానిక్. ఇరవై ఆరేళ్ళ సర్వీసు. పాత భవనాలన్నీ ఆయన కిందే. అందులో ఏడంతస్తుల అపార్ట్‌మెంట్‌లోని లిఫ్టు ఒకటి ఆర్నెల్లుగా ఆయన ప్రాణం తీస్తోంది.

"ఏంటి బావా, మళ్ళీ అదేనా?"

"అదే. మూడో అంతస్తు నొక్కితే జానెడు కిందకి జారి ఆగుతోంది. బ్రేక్ లైనింగ్ అరిగిపోయింది. స్ప్రింగు బిగించి వచ్చాను. బిగించడానికి ఇంక మర లేదు. స్టోరు నుంచి కొత్త లైనింగ్ పంపమను."

"రాస్తున్నా."

"రాయడం కాదు తల్లీ, పంపమను. మొన్న కూడా సెన్సర్ డబ్బానే వచ్చింది. నీ స్టోరు వాళ్ళకి బ్రేకుకీ తలుపుకీ తేడా తెలీదా?"

"నా స్టోరా? మా మేనమామలు పెట్టారా దాన్ని?"

"మీ అక్క మంచం కింద పదకొండు డబ్బాలయ్యాయి. పడుకోవాలంటే భయంగా ఉంది, నేను పక్కకి తిరిగితే మంచం తెరుచుకుంటుందేమోనని."

ఆమె నవ్వింది. నవ్వుతూనే మొదటి వరస నొక్కింది. కింద గడిలో 'బ్రేక్ లైనింగ్ అరిగింది, వెంటనే పంపాలి' అని కొట్టింది. ఫోన్ రెండు నిమిషాల నలభై సెకన్లలో ముగిసింది. పచ్చ.

ఆయన సూపర్‌వైజర్‌కీ చెప్పాడు, రెండుసార్లు. సూపర్‌వైజర్ కంప్యూటర్‌లో చూసి "సిస్టమ్‌లో లేదు" అన్నాడు. సిస్టమ్‌లో లేని బ్రేకు అరగదు.

తెర మీద మాత్రం పెద్ద మెకానిక్ గీత రోజురోజుకీ పెరిగింది. ఒకే లిఫ్టుకి మళ్ళీ మళ్ళీ వెళ్ళినవాళ్ళలో ఆయనే మొదటివాడు. కంపెనీ అంతటిలోకీ ఎర్రటి గీత ఆయనది. మెకానిక్‌లలో ఎనిమిదిమందిని తగ్గించాలని పైన అప్పటికే అనుకున్నారు. ఎవరిని అన్నది గట్టిగా చెప్పడానికి బయటి నుంచి ఒక మనిషిని పిలిపించారు.

"బిజినెస్ ఇంటెలిజెన్స్ కన్సల్టెంటట," అన్నాడు స్టోర్ కీపర్, మెట్ల దగ్గర నిలబడి.

"అంటే ఏం చేస్తాడు?" అంది ఫోనక్క.

"బుర్ర అద్దెకిస్తాడు. మన మేనేజర్‌కి కాస్త తక్కువైందిగా."

"పూర్తిగా అమ్మేసిపొమ్మను. అద్దెకైతే మళ్ళీ వెనక్కి తీసుకుపోతాడు."

అతను కంపెనీ లెక్కల్ని రంగురంగుల పటాలుగా గీస్తాడని తెలిసి బొమ్మలాయన అని పేరు పెట్టారు. నలభై దాటినవాడు, సన్నగా ఉంటాడు, కళ్ళజోడుకి ఒక కాలు ఊగుతుంటుంది. రెండు వారాలు పై గదిలో ఏసీ వేసుకుని కూర్చున్నాడు. మూడో వారం మొదట్లో ఎనిమిది పేర్లు రాసి మేనేజర్‌కి ఇచ్చాడు. మొదటి పేరు పెద్ద మెకానిక్‌ది. ఇలాంటి కబురుకి మెట్లు అడ్డం రావు. సాయంత్రానికి కిందకి దిగింది.

ఆ ఆదివారం అక్క ఇంట్లో భోజనాల దగ్గర ఎవరూ సరిగ్గా తినలేదు.

"ఇరవై ఆరేళ్ళు చేసినవాడికి పని రాదని ఎవడో సంచి తగిలించుకొచ్చి చెప్తాడా?" అంది అక్క. "ఆ సంచీలో ఏముందో ఒకసారి చూడాలి నేను."

పెద్ద మెకానిక్ గోళ్ళలో గ్రీజు గీక్కుంటున్నాడు. "ఒకే లిఫ్టుకి నెలలో నాలుగుసార్లు వెళ్ళానంట. వెళ్ళాను. వెళ్ళకపోతే అది పడేది."

"ఆ మాటేదో వాళ్ళతో అనొచ్చుగా!"

"అన్నాను. సిస్టమ్‌లో లేదంట."

అక్క చెల్లెలి వైపు తిరిగింది. "నువ్వక్కడే ఏడుస్తావు కదే పొద్దస్తమానం. నీకేం కనపడదా?"

"నాకు ఫోన్లే గానీ ఇంకేం కనపడతాయక్కా."

ఆ మాట అన్నప్పుడు ఆమె అబద్ధం చెప్పలేదు.

మంగళవారం పొద్దున బొమ్మలాయన ఇరవై రెండు మెట్లూ దిగి వచ్చాడు. చొక్కా మీద నల్లటి గ్రీజు మరక. కళ్ళజోడు మాత్రం ఊగడం లేదు.

"ఒక సందేహం అడగొచ్చా అండీ?"

"అడగండి. ఫోనొస్తే మాత్రం ఆపేస్తాను."

"నిన్న కళ్ళజోడు బాగుచేయించుకోడానికి ఒక పాత భవనానికి వెళ్ళాను. అందులో లిఫ్ట్ మన కంపెనీదే, స్టిక్కర్ ఉంది. చేత్తో లాగే జాలీ తలుపు. ఇదిగో, లాగితే ఈ మరక అంటింది. వచ్చి మన రికార్డుల్లో దాని నంబర్ చూశాను. తలుపు సెన్సర్ పంతొమ్మిదిసార్లు పాడైంది. ఆ తలుపుకి సెన్సర్ ఎక్కడుంటుంది?"

"ఎక్కడా ఉండదు. చేత్తో లాగే తలుపుకి సెన్సరేంటండీ?"

"మరి పంతొమ్మిదిసార్లు ఏం పాడైంది?"

ఫోనక్క చెయ్యి మౌస్ మీద ఆగిపోయింది. వెంటనే ఫోన్ మోగింది గనక బతికిపోయింది.

"ఒక గంట ఇక్కడ కూర్చుంటాను," అని అతను వీపు విరిగిన కుర్చీ లాక్కున్నాడు.

ఫోన్‌లో మెకానిక్ బటన్ ఇరుక్కుపోయిందన్నాడు. ఆమె మొదటి వరస నొక్కింది. తర్వాతి ఫోన్‌లో ఇంకొకడు తాడుకి గ్రీజు పెట్టానన్నాడు. మొదటి వరస. ఆ తర్వాత ఫ్యాన్. మొదటి వరస. పక్కన మనిషి చూస్తున్నాడని తెలిసినా వేలు మాట వినలేదు. నాలుగో ఫోన్ అయ్యాక అతను అడిగాడు.

"ఆ కింద గడిలో ఏం కొడుతున్నారు?"

"వాళ్ళు చెప్పింది."

"ప్రతిసారీ కొడతారా?"

"నాలుగేళ్ళుగా కొడుతున్నాను. మీరు చదవరా?"

అతను తల అడ్డంగా ఊపాడు. "నాకిచ్చిన ఫైల్లో ఆ గడి లేదు. అక్కర్లేదని తీసేసి ఇచ్చారు. నేనూ అడగలేదు. రెండు వారాలు పైన కూర్చుని ఎనిమిది పేర్లు రాసిచ్చాను, ఒక్క లిఫ్ట్ కూడా ఎక్కకుండా."

"మొదటి పేరు మా బావది," అంది ఆమె.

అతను తల ఎత్తి చూశాడు. క్షమించమని అడగలేదు. ఆ గడి ఉన్న పూర్తి ఫైలు అడగడానికి లేచి పైకి వెళ్ళాడు. మధ్యాహ్నం మూడింటికి ఒక కాగితంతో మళ్ళీ దిగాడు. కింద గడిలో బ్రేక్ అన్న మాట నాలుగొందల పన్నెండుసార్లు ఉంది. తెర మీద బ్రేక్ లోపాలు మూడు, అవీ సాఫ్ట్‌వేర్ వచ్చిన కొత్తలో ఎక్కించినవి. ఆ నాలుగొందల పన్నెండూ కలిపి చూస్తే పదిహేడు లిఫ్టులవి. పెద్ద మెకానిక్ మళ్ళీ మళ్ళీ వెళ్ళినవన్నీ ఆ పదిహేడులో ఉన్నాయి.

"మీరు పైన ఏది నొక్కితే స్టోరు నుంచి అది పోతుంది," అన్నాడు. "కింద రాసింది వాళ్ళకి కనపడదు."

మంచం కింద పదకొండు డబ్బాలు ఎవరు పంపారో ఫోనక్కకి అప్పుడు తెలిసింది. స్టోరు వాళ్ళని బావతో కలిసి తిట్టిన తిట్లన్నీ వరసగా గుర్తొచ్చాయి.

"ఇది నేనొక్కడినే చెప్తే ఇంకో లెక్క తెచ్చాడంటారు. మీరూ వస్తారా? వస్తే మీ ఉద్యోగానికి ఇబ్బంది. రాకపోతే నేనేం అనుకోను."

ఆమె హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టింది. పని వేళలో దాన్ని తియ్యడం పదకొండేళ్ళలో అదే మొదలు.

మేనేజర్ కాగితం చదివి పక్కన పెట్టాడు. "మీకిచ్చిన పని తెర మీద ఉన్నదాన్ని వివరించడం. తెర తప్పని చెప్పడం కాదు. ఎల్లుండి యజమానుల మీటింగ్ ఉంది, తెలుసు కదా?"

"ఎనిమిదిమందిని తియ్యాలని మీరు ముందే అనుకున్నారు. దానికి నా సంతకం కావాలి," అన్నాడు బొమ్మలాయన. "అలాంటి పనికి నాలాంటివాణ్ణి పిలవకండి, దండగ. పిలవాల్సింది నాలుగేళ్ళ కిందట, ఆ జాబితా రాసేటప్పుడు. పోనీ అప్పుడు తోచలేదు. ఒకే లిఫ్టుకి ఒక మనిషి నెలలో నాలుగుసార్లు ఎందుకు పోతున్నాడని అనుమానం వచ్చిన రోజైనా పిలవాల్సింది."

"అనుమానం ఎందుకొస్తుంది? ఎర్రగా కనపడుతుంటే!" అన్నాడు మేనేజర్. మనసులో మాటే అన్నాడు. తర్వాత ఫోనక్క వైపు తిరిగాడు. "అంటే నాలుగేళ్ళుగా నువ్వు తప్పు నొక్కుతున్నావన్నమాట."

"నొక్కాను సార్."

"తెలిసే నొక్కావా?"

"బ్రేక్ నొక్కితే పద్నాలుగు గడులొస్తున్నాయి, మూడు నిమిషాల్లో అవ్వదని మీరు పైకి పిలిచిన ప్రతిసారీ చెప్పాను. మీరేమన్నారో గుర్తుందా?"

మేనేజర్‌కి గుర్తులేదు.

"సర్దుకోమ్మా అన్నారు. సర్దుకున్నాను."

ఆమె చేతిలో సెల్‌ఫోన్ మోగింది. కింద హెడ్‌ఫోన్ ఎవరూ ఎత్తకపోయేసరికి పెద్ద మెకానిక్ దీనికి చేశాడు. ఆమె స్పీకర్ నొక్కి మేనేజర్ బల్ల మీద పెట్టింది.

"ఎక్కడ చచ్చావే? ఇందాకటి నుంచి చేస్తున్నా. ఏడంతస్తులది జానెడు కాదు, ఇవాళ మూరెడు జారింది. లోపల ఒక ముసలావిడ. దించాను, ఏం కాలేదు. కరెంటు తీసేసి కూర్చున్నా. అపార్ట్‌మెంట్ వాళ్ళేమో ఆపడానికి నువ్వెవడివి, ఆఫీసు నుంచి కాగితం తెమ్మంటున్నారు. ఆ స్టోరు వాళ్ళకి చెప్పు, ఇంకో సెన్సర్ పంపితే వచ్చి వాళ్ళ నెత్తినే బిగిస్తానని."

"తప్పు స్టోరు వాళ్ళది కాదు బావా. నాది. ఇంటికొచ్చాక తిట్టు. లిఫ్ట్ మాత్రం వదలకు, అక్కడే ఉండు."

"సరే," అన్నాడాయన.

ఆమె ఫోన్ కట్టేసింది. మేనేజర్ గోడ మీది తెర వైపు చూస్తున్నాడు. అక్కడ ఏడంతస్తుల అపార్ట్‌మెంట్ పక్కన తలుపు బొమ్మ ఒకటి నెమ్మదిగా వెలిగి ఆరుతోంది.

"దాన్ని చూడకండి సార్, నన్ను చూడండి," అంది ఫోనక్క. "నాకు నోటీసు రాసుకోండి, సంతకం పెడతాను. అది తర్వాత. ముందు ఈ పదిహేడు లిఫ్టులూ ఇప్పుడే ఆపమని కాగితం రాయండి, నేనే ఒక్కొక్కరికీ ఫోన్ చేసి చదివి వినిపిస్తాను. మా బావకి సాయంత్రంలోపు లైనింగ్ పంపండి. ఆ ఎనిమిది పేర్లూ మా ఎదురుగా చింపండి. చింపాక కిందకి దిగి రండి సార్. నా పక్కన కుర్చీ ఉంది, వీపు విరిగిందే గానీ కూర్చోవచ్చు. యజమానుల్ని కూడా తీసుకురండి, ఎల్లుండి దాకా ఆగకుండా ఇవాళే. నేనేం నొక్కుతున్నానో కళ్ళతో చూసి, ఆ తర్వాత ఎవరిని తియ్యాలో మాట్లాడండి."