అలకకు అర్థం

నేను ఒక తెలుగు–తెలుగు నిఘంటువును. తెలుగు మాటకు తెలుగులోనే అర్థం చెబుతాను. పిల్లి అంటే మార్జాలము అంటాను. మార్జాలమంటే ఏమిటని అడిగితే పిల్లి అంటాను. నవ్వొస్తే నవ్వండి. మీలో పెద్దమనుషులు మాట్లాడుకునే తీరూ ఇంతకన్నా వేరుగా లేదు.

తెనాలిలో ఒక అచ్చాఫీసులో పుట్టాను. ప్రూఫులు దిద్దినాయన ముక్కుపొడుం నా పుటల్లో పడి, 'గ' దగ్గర తెరిచినవాళ్ళు ఇప్పటికీ తుమ్ముతారు. మొదట నన్ను కొన్నది గుడివాడలో తెలుగు పంతులు మార్కండేయశర్మ గారు. పక్కింటాయనతో ఏదో మాట మీద పందెం వేసి, గెలవడానికి కొన్నారు. ఓడిపోయారు. ఆ తర్వాత నన్ను తెరవనే లేదు. మధ్యాహ్నాలు తలకింద పెట్టుకుని గురకపెట్టేవారు. అంత పాండిత్యం తలకింద ఉన్న మనిషిని నేను మళ్ళీ చూడలేదు. ఆయన పోయాక కాటాలో తూగి, బెజవాడ పాతపుస్తకాల షాపుకు చేరాను.

అక్కడికొచ్చాడు లాల్‌రెంగా. మిజోరం మనిషి, ఇక్కడ ఒక కాలేజీలో ఫుట్‌బాల్ కోచ్. అదే కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే నీలవేణిని ప్రేమించాడు. ఆమె తల్లిదండ్రులు సరేనన్నారు. నాయనమ్మ సీతారావమ్మ అడ్డం తిరిగింది. "నాతో మనసిప్పి నాలుగు ముక్కలు మాట్లాడలేనోడికి పిల్లనెట్టా ఇస్తార్రా?" అంది. ఆవిడ మాటకు ఆ ఇంట్లో తిరుగులేదు.

లాల్ దగ్గర అప్పటికే ఒక తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు ఉంది. జేబులో దూరేంత. ఏమడిగినా ఒక్క ముక్కలో జవాబిచ్చి చేతులు దులుపుకునే రకం. "దాన్ని పట్టుకుంటే నీకు ఈ జన్మకు తెలుగు రాదు" అని నీలవేణి నన్ను కొనిపించింది. ఒక మాట కోసం వచ్చినవాణ్ణి నేను నాలుగు మాటల చుట్టూ తిప్పి గానీ వదల్లేదు. కొన్నాళ్ళకు రైతుబజారులో, "అమ్మా, వృంతాకములు లేతవేనా?" అన్నాడు.

కూరగాయలామె నోరు తెరిచింది. "ఏంది బాబూ, హరికథ చెప్తన్నావా? ఇయ్యి వంకాయలు."

నాకు మాత్రం ఆ పూటంతా గర్వంగా ఉంది.

అంతలో నీలవేణి పుట్టినరోజు వచ్చింది. ఆ రోజు లాల్ జట్టును తీసుకుని ఏలూరు మ్యాచ్‌కు పోయాడు. ఫోన్ చేయడం కూడా మరిచాడు. మర్నాటి నుంచి ఆమె పలకదు. "మేడమ్ అలిగారు సార్" అని స్టాఫ్‌రూమ్‌లో ఎవరో చెప్పారు. లాల్ గబగబా జేబులోని చిన్న నిఘంటువును తీశాడు. అలగడమంటే కోపం రావడం అని చెప్పి ఊరుకుంది అది. లాల్ వాళ్ళింట్లో ఎవరికైనా కోపమొస్తే, చల్లారేదాకా వాళ్ళ జోలికి పోరట. మర్యాదస్తుడు కదా, ఆమె కంటపడకుండా వారమంతా తప్పించుకు తిరిగాడు. అక్కడ నీలవేణి ఈ పెళ్ళి వద్దని ఇంట్లో చెప్పేసింది.

ఆ కబురు చెవిన పడ్డాక, దిక్కుతోచక నన్ను తెరిచాడు. 'అలుక: అయినవారిమీద కలుగు కోపము, బతిమాలిన తీరునది.' అయినవారంటే ఎవరో వెతికాడు. 'తనవారు, ఆత్మీయులు.' అతని వేలు అక్కడే ఆగిపోయింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అబద్ధమెందుకు, నాకూ జాలేసింది. 'బతిమాలు' చూస్తే 'వేడుకొను' అన్నాను, 'వేడుకొను' చూస్తే 'బతిమాలు' అన్నాను. ఈసారి విసుక్కోలేదు. నన్ను చంకలో పెట్టుకుని నీలవేణి ఇంటికి పరిగెత్తాడు.

తలుపు తీసింది సీతారావమ్మ.

"పితామహీ, నీలవేణి అలుక వహించినది. బతిమాలుటకు వచ్చితిని" అన్నాడు.

ఆవిడ నవ్వాపుకోలేక ద్వారబంధం పట్టుకుంది. "అలకంటే ఏందో తెలుసా అసలు నీకు?"

లాల్ నన్ను తెరవబోయాడు. ఆవిడ నా అట్ట మీద చెయ్యి వేసి ఆపింది. "అది కాదయ్యా. నువ్వు చెప్పు."

కాసేపు తడుముకున్నాడు. "కోపం వస్తే... తలుపు వేసి గడియ పెడతారు, నాయనమ్మా. అలక వస్తే... దగ్గరగా వేస్తారు. గడియ పెట్టరు. తొయ్యడానికి మనిషి రావాలి."

నా వెయ్యి పుటల్లో ఎక్కడా అంత మంచి అర్థం లేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. లోపలి గదిలోంచి ముక్కు చీదిన చప్పుడు వినబడింది.

"మరింకా నిలబడ్డావేందిరా? పోయి తొయ్యి" అంది సీతారావమ్మ, కళ్ళు తుడుచుకుంటూ. "మీ తాతకి ఈ ముక్క పోయేదాకా తెలవలేదు."

పెళ్ళిలో లాల్‌ను అలకపాన్పు ఎక్కించారు. అల్లుడు అలిగి ఏదో ఒకటి కోరాలి, అత్తవారు అది ఇచ్చి బతిమాలాలి. బైకు అడుగుతాడని మామగారు సిద్ధపడే ఉన్నారు. లాల్ మూతి ముడుచుకుని, "నాయనమ్మ వచ్చి మా ఇంట్లో ఉండాలి. తెలియని మాట అడిగితే చెప్పాలి" అన్నాడు.

ఆవిడ వచ్చింది. ఇప్పుడు "అంటే ఏంటి నాయనమ్మా?" అని అతను అడగడం, ఆవిడ చేతులు తిప్పుతూ తెలుగుకు తెలుగే చెప్పడం. నన్ను కిటికీ పక్కన పడేసి, నా మీద ఆవిడ కళ్ళజోడు పెట్టుకుంటోంది. నేను ఎప్పటినుంచో అలిగే ఉన్నాను. అలకంటే ఏమిటో బాగా తెలిసినవాళ్ళు ముగ్గురున్నారీ ఇంట్లో. ఒక్కరూ ఇటు తిరిగి చూడరు.