బొట్టు వెనక పులి

కొండముచ్చు కెమెరాలోకి తొంగి చూస్తే అచ్చం పాస్‌పోర్టు ఫొటోకొచ్చిన పెళ్లికొడుకులా ఉంటుంది, గడ్డం కాస్త పైకెత్తు బాబూ అనాలనిపిస్తుంది నాకు, మా ఆయన ఫయాజ్ స్టూడియోలో ఏళ్ల తరబడి ఆ మాటే అన్నాను మరి, ఇప్పుడు మాచర్లలో ఈ ఆఫీసు గదిలో కూర్చుని, అడవిలో చెట్లకు కట్టిన కెమెరాలు వాటంతటవే తీసిన ఫొటోలు ఒక్కొక్కటే చూసి, ఇది దుప్పి, ఇది కణితి, ఇది ఎవరిదో మేక, ఇది సీతాఫలాలకొచ్చిన మనిషి అని వేరు చేస్తున్నాను, ఈ మనుషులు కెమెరా కనపడగానే జుట్టు సవరించుకుంటారు, కణితి అయితే ఆ పని చెయ్యదు, అందుకే నాకు కణితే నచ్చుతుంది, ఫ్యాను తిరుగుతుంది గానీ గాలి కిందికి దిగదు, క్యారేజీలో గోంగూర ఉంది, నాకీ పని హాయిగానే ఉంటుంది, స్టూడియోలో లాగా నా ముక్కు ఇంత లావుగా వచ్చిందేమిటని ఎవరూ దెబ్బలాడరు, కానీ ఇవాళ ఏం చూస్తున్నా మనసు ఆమె మీదే ఉంది, ఎండాకాలంలో కనపడిందే చివరిసారి, ఏమైపోయింది, ఎడమ తొడ మీద రెండు చారలు మెలిక తిరిగి, చిన్నప్పుడు మదర్సాలో పలక మీద దిద్దిన అరబ్బీ జంటక్షరం లామలిఫ్‌లా, లామ్ ఒడిలో అలిఫ్ వాలినట్టు ఉంటాయి, మన వేలిముద్రల్లాగే ఏ పులి చారలు ఆ పులివే కదా, ఆ గుర్తు నేనే పట్టాను, ఆఫీసులో ఆమెకు నంబరుంది గానీ నాకు మాత్రం ఆమె పీరాంబీ, అది మా నానమ్మ పేరు, ఆమెదీ ఇదే నడక, పక్కకి చూడని నడక, ముసలామెకు తెలిస్తే చెప్పు తీస్తుంది.

ఈ సాయంత్రం పులుల లెక్క పైకి వెళ్లాలి, చూడాల్సింది ఇంకొక్క కెమెరా కార్డే, అందులోనూ లేకపోతే బతికున్నవాటిలోంచి ఆమెను తీసేస్తారు, కరెంటు తీగో ఉచ్చో ఏదో అయ్యుంటుందిలేమ్మా అన్నారు రేంజరు సారు, ఆయన మంచివాడే, అన్నదీ మెల్లగానే, కానీ ఆ లే అనే అక్షరం నిన్నటి నుంచి గొంతులో ముల్లులా ఉంది, ఒక ప్రాణం చివర అంత తేలిగ్గా లే ఎట్లా తగిలిస్తాం, నాకు భయంగా ఉంది, కార్డు పెట్టాను.

మొదటి ఫొటోలో ఆంజనేయులు బాబాయి మొహం, స్క్రీను నిండా, మొన్నటిదాకా చెక్‌పోస్టులో ఉండి కొత్తగా కెమెరాల పనికొచ్చిన వాచరు, ఇందాక కార్డు తెచ్చిచ్చి అదిగో వరండాలో సీతాఫలం గింజలు ఊస్తున్నాడు, రెండో ఫొటోలో ఆయన వేలు, వేలి చివర కుంకుమ, మూడో దాంట్లో నట్టనడుమ ఎర్రటి మచ్చ, నాలుగో దాంట్లోనూ అదే, అడవి ఆ మచ్చకి అటూ ఇటూ మాత్రమే మిగిలింది, బాబాయ్ ఏంది ఇది అని అరిచాను, ఆయన తాపీగా వచ్చి, ఏందమ్మా ఇష్రతమ్మా, దసరాకి బండికి పెట్టా, కత్తికి పెట్టా, టార్చిలైటుకీ పెట్టా, మన తరపున అడవిలో నిలబడి డూటీ చేసేదానికి పెట్టకపోతే ఎట్టా అన్నాడు, పెడితే పెట్టావు, అద్దం మీద పెడతావా, అది అద్దమని నాకేం తెలుసమ్మా, గుండ్రంగా ఉంటే నుదురనుకున్నా, మరి ఎదురు చెట్టుకున్నదానికి, దానికీ పెట్టా, ఒకదానికి పెట్టి రెండోదానికి పెట్టకపోతే అది చిన్నబుచ్చుకోదా, ఆ మాటకి కోపం సగం జారిపోయింది, మేమేమన్నా తక్కువ తిన్నామా, ఫయాజ్ కొత్త కెమెరా కొన్నరోజు నానమ్మ స్టూడియో అంతా సాంబ్రాణి పొగేస్తే ఆ పూట ఫొటోలన్నీ మంచులో తీసినట్టొచ్చాయి, సరేలే బాబాయ్ పో అన్నాను, అని నాలిక్కరుచుకున్నాను, నేనూ ఆ లే అనేశాను.

నెమలి, ఆవు, బొట్టు పెట్టుకున్న ముళ్లపంది, మళ్లీ నెమలి, తరవాత పులి, ఎడమ పక్క చూపిస్తూ నడుస్తోంది, ఏదన్నా కదిలితే కెమెరా వరసగా మూడు తీస్తుంది, మొదటి దాంట్లో తల, మెడ, ఆ వెనకంతా ఎరుపు, రెండో దాంట్లో భుజం దాటింది, నడుం దాటింది, సరిగ్గా తొడ మీదే బొట్టు, ఓరి బాబాయ్, నీ భక్తి బంగారం గానూ, ఇంకెక్కడా చోటు దొరకలేదా, కొత్త పులేమో, అవతలి కొండ నుంచి దిగిందేమో, మూడోది తెరవబుద్ధి కాలేదు, తెరవనంతసేపూ ఆమె బతికే ఉంటుంది కదా అనిపించింది, బిస్మిల్లా అనుకుని నొక్కాను, మచ్చ ఉన్నచోటే ఉంది, పులి మాత్రం ఇంకో అడుగు వేసింది, తొడ బయటికొచ్చింది, లామ్, దాని ఒడిలో అలిఫ్.

పీరాంబీ అని పైకే అన్నాను, బాబాయి కంగారుగా లేచొచ్చి ఏందమ్మా ఏడుస్తున్నావు, రేపే పోయి తుడుస్తా, ఈసారి డబ్బా మీద పెడతాలే అంటున్నాడు, చానా సంతోషం బాబాయ్, ఇటు చూడు, ఆమే, మన ఆడపులి, బతికే ఉంది అని చెప్తూనే తరవాతి ఫొటో నొక్కాను, ఎరుపు కింద నుంచి రెండు చెవులు, చిన్నవి, గుండ్రటివి, దాని తరవాత ఇంకో రెండు, ఒక కూన అమ్మ తోకని పట్టుకోబోతోంది, రెండోది బాట వదిలి పొదలోకి మూతి పెట్టింది, బాబాయి నోట్లో గింజ నోట్లోనే ఉంది, ఓరి నీ అని నవ్వుతున్నాడు, నాకూ నవ్వాగట్లేదు, ఇన్నాళ్లూ బాటల మీద వెతికాం, నీటిగుంటల దగ్గర వెతికాం, ఉచ్చుల కోసం కంచెలన్నీ తిరిగాం, బాలింత ఎక్కడన్నా బాటల మీద తిరుగుతుందా అని ఒక్కరికీ తోచలేదు, సారుకి తోచలేదంటే సరే మగాడు, నాకేమైంది, మా పాప ఆస్మా పుట్టినప్పుడు నేనూ నలభై రోజులు వెనకగదిలోనే ఉన్నాను, చెవులకు గుడ్డ కట్టుకుని, గుమ్మానికి పరదా వేసుకుని, పిల్ల మొహం తప్ప లోకం చూడకుండా, స్టూడియోకొచ్చిన వాళ్లు ఇష్రత్ కనపడట్లేదేమని అడిగితే లోపల పిల్ల దగ్గరుంది అనేవాడు ఫయాజ్, అట్లాగా అని నవ్వి వెళ్లిపోయేవాళ్లు, ఒక్కరు కూడా నేను పోయాననుకోలేదు.