ఐసు మీద ఆడవాళ్ళ పరుగు

పైగా దీనికి చప్పట్లు కూడానా, అనుకున్నాడు మంగరాజు, బకెట్టు వంచి మలుపు దగ్గర ఐసు మీద నీళ్ళు పోస్తూ, ఆ పిల్లల బూట్ల కింది కత్తులు నాగలి చాళ్ళలా గీసిపోయిన గాట్లు అవి, నీళ్ళు పడగానే కళ్ళముందే పూడి గట్టిపడతాయి, ఈ పనికి ఒక మనిషి కావాలి, ఆ మనిషి తను, బయట చెప్పు తీస్తే కాలు బొబ్బలెక్కే ఎండ, లోపల ఐసు, ఐసు మీద ఆడపిల్లలు, ఎక్కడెక్కడి దేశాలనుంచో విమానాలెక్కి ఈ ఇసకలోకి వచ్చి గుండ్రంగా తిరిగి వెళ్ళిపోతారట, బయలుదేరిన చోటికే చేరడానికి అంత పరుగెందుకో, గానుగెద్దు కూడా ఆ తిరుగుడికి ఇంత నూనె ఇస్తుంది, వీళ్ళిచ్చేదేముంది, చుట్టూ గోడకి పరుపులు నిలబెట్టారు, జారి పడితే దెబ్బ తగలకుండా, దుబాయ్ సత్వా పేటలో గదిలో తను పడుకునే పరుపు కంటే అవే మందం, గోడకి పరుపేసి మనిషిని నేల మీద పడుకోబెట్టే ఊరు, ముందు వరసలో తెల్లబట్టల పెద్దలు చలికి ఆగలేక దుప్పట్లు కప్పుకుని కూర్చున్నారు, కోరి చలి తెచ్చుకుని దాని మీదికి మళ్ళీ దుప్పటి తెప్పించుకోవడం, వీళ్ళ తెలివికి దణ్ణం పెట్టాలి, అవతలి మలుపులో ఆశన్న, జగిత్యాల వైపు మనిషి, గదిలో తన పక్క పరుపువాడు, నల్ల రబ్బరు దిమ్మలు వరసగా సర్దుతున్నాడు, పరిగెత్తేవాళ్ళు ఆ దిమ్మల బయటినుంచే తిరగాలి, కాలు తగిలి ఎగిరిపోతే పరిగెత్తికెళ్ళి మళ్ళీ చోట్లో పెట్టాలి, మలుపుకొక మనిషి, ఆశన్నకి ఇది పెళ్ళి సంబరం, పొద్దున్నే గడ్డం గీసుకున్నాడు, టీవీల మన మొకాలు గూడ వస్తయట రాజన్నా, అన్నాడు, వస్తే మీ ఆవిడ టీవీ మూసేస్తుందిలే అన్నాడు తను, వాడు నవ్వాడు, వాణ్ణి తిట్టినా నవ్వుతాడు, అదొక రోగం.

గట్టు అవతల బేబీ, ఎంత చూడకూడదనుకున్నా కంట్లో పడుతోంది, నల్ల బుర్ఖా లాంటిది మీద వేసుకుని మేడమ్ గారి పిల్లలిద్దర్నీ చెరో చేత్తో పట్టుకుని, తన పెళ్ళాం సుబ్బాయమ్మకి పినతల్లి కూతురు, రాజోలు నుంచి వచ్చి ఇక్కడ అరబ్బుల ఇంట్లో వంటా పిల్లలూ చూస్తుంది, పందేలు మొదలవకముందే గట్టు మీదికి వంగి అడిగేసింది, ఏం బావా, ఆలోచించేవా, మా అక్కకి ఏం చెప్పమంటావు, ఇవాళ నీ మాట తీసుకెళ్ళకపోతే మా మేడమ్ ఆ వీసా ఇంకోళ్ళకి ఇచ్చేస్తుందండి బాబూ, అని, సాయంత్రం చెప్తానన్నాడు తను, సాయంత్రం అంటే ఎప్పుడు బావా, నిన్నా సాయంత్రమే అన్నావు, అంది, ముచ్చటకేం తక్కువ లేదు దానికి, సంగతల్లా ఇది, సుబ్బాయమ్మ దుబాయ్ వస్తుందట, బేబీ పక్కింట్లో పనికి కుదురుతుందట, మొగుడు సరేనంటేనే పంపుతామని అక్కడి ఏజెంటు అన్నాడట, ఆ సరే అనే ముక్క కోసం వీళ్ళు తన చుట్టూ తిరుగుతున్నారు, నరసాపురం దాటి ఎరగని మనిషి, లేసు అల్లుతూ అరుగు మీద కూర్చునే మనిషి, విమానమెక్కి ఎవరో పిల్లల ముడ్లు కడగడానికి వస్తుందట, వచ్చేది కాక బేబీతో అన్న మాట చూడు, ఆయన మోకాళ్ళు అయిపోయినియ్యంట కదే, ఆయన్ని ఇంటికి పంపించేసెయ్యి, నే వచ్చి చేసుకుంటాను, అని, పంపించెయ్యడానికి తనేమన్నా మామిడిపళ్ళ బుట్టా, మోకాళ్ళ సంగతి ఊరిదాకా మోసింది ఈ బేబీయే, రోజంతా ఐసు మీద నిలబడితే ఎవడి మోకాళ్ళు పట్టెయ్యవు, ఆడది సంపాదించి పంపిస్తుంటే అరుగు మీద కూర్చుని ఎవరన్నా అడిగితే ఏం చెప్పాలి, మా ఆవిడ దుబాయ్‌లో ఉందండి ఆయ్ అని చెప్పాలా, పైగా వీళ్ళు, ఈ పరిగెత్తే పిల్లలు, వీళ్ళని చూసే కదా ఆడవాళ్ళకి ఈ బుద్ధులు పుట్టేది, అయినా సుబ్బాయమ్మ వీళ్ళని ఎక్కడ చూసింది పాపం, చూడకుండానే పుట్టాయి.

తుపాకీ పేలింది, నలుగురు బయలుదేరారు, బయలుదేరి ఏం చేశారయ్యా అంటే ఒకరి వెనక ఒకరు సంతకి వెళ్ళినట్టు నెమ్మదిగా పోతున్నారు, ముందుకెళ్ళడం ఎవరికీ ఇష్టం లేదు, నువ్వెళ్ళంటే నువ్వెళ్ళు, ముందున్నది వెనక్కి చూసుకుంటోంది, దీన్ని పందెమంటారట, తీరా ఆఖరి చుట్లకి వచ్చాక పూనకం వచ్చినట్టు దూసుకొచ్చారు, చెయ్యి ఐసుకి రాసుకునేంతగా పక్కకి ఒరిగి మలుపు తిరుగుతుంటే తన కాళ్ళ పక్కనుంచి గాలి కొట్టింది, పసుపు బట్టల పిల్ల లోపలికి దూరబోయి దిమ్మని తన్నేసి తను పడి ఇంకో దాన్ని పడేసి ఇద్దరూ కలిసి పరుపులో కూరుకుపోయారు, దిమ్మ ఏరుకుని చోట్లో పెట్టాడు, తప్పు చేసింది ఏడుస్తోంది, దాని వల్ల పడినది నవ్వుతోంది, ఇది ఇక్కడి న్యాయం, నీళ్ళ బకెట్టు మళ్ళీ తెచ్చాడు, మోకాలు వంగినప్పుడు కటుక్కుమంది, ఎవరన్నా విన్నారా అని చూశాడు, ఎవరు వింటారు, అందరూ చప్పట్లలో ఉన్నారు.

తరవాతది ఒక్కొక్కరిది కాదు, జట్లట, జట్టుకి నలుగురు, ఒక్కసారి ఐసంతా ఆడవాళ్ళతో నిండిపోయింది, పరిగెత్తేవాళ్ళు బయట తిరుగుతుంటే మిగతావాళ్ళు దిమ్మల లోపల, తన చుట్టూ, నెమ్మదిగా జారుతూ తిరుగుతున్నారు, కూరల బజారులో నిలబడినట్టుంది, ఎటు జరిగినా ఎవరో ఒకరి మోచెయ్యి, ఈ జట్ల ఆట సాధన చేసిన రోజున తను గదిలో జ్వరంతో పడుకున్నాడు, ఎలా ఆడతారో ఎరగడు, అంతలో ఎర్రబట్టల పిల్ల ఒకర్తి వగరుస్తూ వచ్చి తన ముందున్న ఇంకో ఎర్రబట్టల పిల్లని, సొంత జట్టు పిల్లని, రెండు చేతులూ నడుం మీద వేసి ఒక్క తోపు తోసింది, చూసుకోకుండా నిలబడ్డ మనిషిని వెనకనుంచి తోసినట్టే తోసింది, అయిపోయింది, అనుకున్నాడు మంగరాజు, కుళాయి దగ్గర జగడం ఇక్కడికీ వచ్చింది, ఏయ్, ఏయ్ పిల్లా, ఏంటది, అంటూ తెలుగులోనే అరుస్తూ బకెట్టు పట్టుకునే అడ్డం వెళ్ళాడు, తోసిన పిల్ల బిత్తరపోయి చూసింది, దాని భాషలో ఏదో అని నవ్వి మోచేత్తో తనని పక్కకి జరిపింది, అవతలి మలుపులోంచి ఆశన్న గొంతు, రాజన్నా, లొల్లి గాదే, ఆటనే గది, అలిసినామె కొత్తామెను నూకుతది, నువ్వు పక్కకు రా, ముదీర్ సూస్తున్నడు, ముదీర్ అంటే ఇక్కడి మేనేజరు, గట్టు దగ్గర బేబీ నోటికి బుర్ఖా అడ్డం పెట్టుకుని, జగడం తీర్చేవా బావా, అంటోంది, దుప్పట్లవాళ్ళు కూడా నవ్వారు, నవ్వనీ, నవ్వడానికే కదా తెచ్చిపెట్టారు తనని, బకెట్టు కింద పెట్టి చేతులు కట్టుకున్నాడు, తోసుకోవడాన్ని ఆట అంటారని తనకేం తెలుసు, తననీ తోశారు ఒకసారి, దుబాయ్ బయలుదేరిన రోజున, రాజోలు బస్టాండులో, అప్పుడెవరూ ఆట అని చెప్పలేదు, బస్సెక్కి మళ్ళీ దిగిపోయాడు తను, కాళ్ళు కదల్లేదు, నే వెళ్ళనే అన్నాడు, సుబ్బాయమ్మ వీపు మీద రెండు చేతులూ వేసి మెట్టు మీదికి తోసేసింది, కండక్టరు నవ్వాడు, బస్సంతా నవ్వింది, వెళ్ళండి మరి, ఆడదానికి ధైర్యం ఉంది మీకు లేకపోయె, అన్నాడు ఎవడో, అప్పట్నుంచీ ఆ రెండు అరిచేతులు వీపు మీద అలాగే ఉన్నాయి, వదిలించుకున్నావు కదే, అనుకుంటూ సీట్లో కూర్చున్నాడు, వెనక్కి చూడలేదు, ఎందుకు చూడాలి, తోసినదాని మొహం ఎవడు చూస్తాడు.

తోసిన ఎర్రపిల్ల ఇంకా ఇక్కడే ఉంది, వెళ్ళి కూర్చోలేదు, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగి, తన పక్కనుంచే జారుతూ, రొప్పుతూ, తను తోసిన పిల్ల ఎటు తిరిగితే అటు మొహం తిప్పుతోంది, తోశాక దీని పని అయిపోయిందనుకున్నాడు, కాదు, మళ్ళీ దీని వంతు వస్తుంది, ఆ పిల్ల తిరిగొచ్చేవేళకి వెన్ను చూపించి ముందు నిలబడాలి, అది తోస్తే ఇది వెళ్ళాలి, బస్సు వెళ్ళాక సుబ్బాయమ్మ బస్టాండు మెట్ల మీదే కూర్చుండిపోయిందని, నేనే లేపి తీసుకెళ్ళేను బావా అని బేబీ ఎప్పుడో చెప్పింది, ఎండ తగిలి ఉంటుందిలే అని కొట్టిపారేశాడు తను, ఇంతలో జనం హో అన్నారు, నీలంబట్టల జట్టులో పరిగెత్తుతున్న పిల్ల తన ముందుకొచ్చి నిలబడ్డ మనిషిని తోయకుండా దాటిపోయింది, అందలేదేమో అనుకున్నారు, మళ్ళీ చుట్టు తిరిగొచ్చింది, ఆ రెండో పిల్ల మళ్ళీ ముందుకొచ్చి నడుం వంచి వెన్ను చూపించింది, ఇది మళ్ళీ తోయలేదు, తల అడ్డంగా ఊపుతూ తనే పోతోంది, కాళ్ళు తడబడుతున్నాయి, మొహం పాలిపోయింది, ఎర్రజట్టు దీన్ని దాటేసింది, పసుపుజట్టూ దాటేసింది, చూశావా దీని పొగరు అనుకున్నాడు మంగరాజు, ఒళ్ళు మండిపోయింది, దాని వంతు దానికి ఎందుకే ఇవ్వవు, వెన్ను చూపిస్తోంది కదా, దానికి కాళ్ళు లేవా, నువ్వొక్కదానివే మొయ్యాలా, మోసి ఎవర్ని ఉద్ధరిద్దామని, అలిసిపోయానని ఒప్పుకుంటే కిరీటం పడిపోతుందా మొండిముండా, పక్కనున్నవాళ్ళని ఊరికే తిప్పిస్తావు, పైగా వాళ్ళకోసం చచ్చిపోతున్నట్టు మొహమొకటి, అని తిడుతున్నాడు, గట్టిగానే తిడుతున్నాడు, తిడుతూ తిడుతూ ఆ మాటలు ఎవరో తననే అంటున్నట్టు వినపడి బకెట్టు అందుకున్నాడు.

నీలంజట్టు అందరికంటే వెనక వచ్చింది, ఆ మొండిది పరుపుకి ఆనుకుని కూర్చుంది, దాని జట్టు పిల్లలు ఏమీ అనకుండా పక్కన నిలబడ్డారు, ఆ అనకపోవడం చూస్తే ఇంకా రోత పుట్టింది, సుబ్బాయమ్మ కూడా ఇన్నాళ్ళూ ఏమీ అనలేదు, ఆయన మోకాళ్ళు అయిపోయినియ్యంట కదే అంది, అంతే, దాన్నే తను తిట్టు కింద జమకట్టుకున్నాడు, గాట్ల మీద నీళ్ళు పోయాలి, ముదీర్ యల్లా యల్లా అని తొందరపెడుతున్నాడు, పోశాడు, పోసి ఖాళీ బకెట్టుతో గట్టు దగ్గరికి వెళ్ళాడు, బేబీ నవ్వు ఆపి చూసింది, ఏం బావా, అంది, రమ్మను, అన్నాడు, ఏంటీ, అంది, రమ్మని చెప్పవే మీ అక్కని, చెవుడా నీకు, అన్నాడు, బేబీ పిల్లల చేతులు గట్టిగా పట్టుకుంది, మంగరాజు మలుపు దగ్గరికి తిరిగొచ్చి నిలబడ్డాడు, మోకాలు నొప్పిగానే ఉంది, ఇన్నేళ్ళూ తనని తోసేశారనుకుని తిరుగుతున్నాడు, తోసిన మనిషి ఎక్కడికీ పోలేదు, చుట్టు తిరిగొచ్చిన ప్రతిసారీ వెన్ను చూపించి ముందు నిలబడింది, చెయ్యి చాపనిది తనే.