ఎడమ పక్క

రాజవ్వ వేళ్ల మీద పంజా పడిన రోజున నాకు భయం మొదలైంది.

మాది కొత్తవాడలో జంపఖానాలు నేసే పని. వెడల్పు మగ్గం మీద ఆలుమగలిద్దరం పక్కపక్కన కూర్చుంటాం. కుడి పక్క నేను, ఎడమ పక్క రాజవ్వ. పోగు దూర్చి, ఇనుప పళ్లున్న పంజాతో దాన్ని దగ్గరికి కొట్టాలి. ముప్పై ఏళ్లుగా ఒకరి చెయ్యి ఎక్కడుందో ఇంకొకరికి చెప్పాల్సిన పని పడలేదు. ఆ రోజు ఆమె చెయ్యి నాకు కనబడలేదు. కొట్టేశాను. రెండు వేళ్ల నుంచి రక్తం కారింది.

"ఏందయ్యా, కోపముంటె నోటితోని తిట్టు. పంజాతోని కొడ్తవా?" అని నవ్వబోయి, నా ముఖం చూసి ఆగిపోయింది.

"కనబడలేదే."

"నా చెయ్యేమన్న సూదా, కనబడకపోను?"

పాత గుడ్డ చింపి ఆమె వేళ్లకు కట్టాను. ఇద్దరికీ గుర్తొచ్చింది మా నాయనే.

మా నాయన చివరి ఆరేళ్లు గోడ పట్టుకుని నడిచాడు. ఒక శ్రావణంలో నూలు పున్నమి నాడు జంధ్యం మార్చుకోకుండా ఊరికి పోయాడని, అందుకే మా కులదైవం మార్కండేయ స్వామి చూపు తీసుకున్నాడని మా నాయనమ్మ చెప్పేది. ఇంట్లో అందరం నమ్మాం. నేను ఒక్క నూలు పున్నమి తప్పలేదు. దీపం పెట్టనిదే ఏనాడూ మగ్గం దగ్గర కూర్చోలేదు. మరి నాకెందుకు? స్వామి పటం ముందు నిలబడి ఈ మాట అడగబోయి, అడగలేక వచ్చేశాను.

ఆ ఆదివారం మా సంఘం హాల్లో షుగర్, బీపీ, కళ్లు ఉచితంగా చూస్తున్నారంటే, రాజవ్వ కట్టు కట్టిన చేత్తోనే నన్ను లాక్కుపోయింది. స్నేహలత అనే నర్సమ్మ నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుంది.

"మార్కండేయులు బాపూ, కుడి కన్ను మూసుకో. నా ముక్కునే చూడు. పక్కకు చూడొద్దు. నీ ఎడమ దిక్కు నుంచి చెయ్యి ముందుకు తెస్త. నా వేళ్లు కనబడంగనే చెప్పు."

ముక్కునే చూస్తూ కూర్చున్నాను. ఎంతసేపటికీ వేళ్లు రాలేదు. వచ్చేసరికి అవి ఆమె చెంప దగ్గరున్నాయి. వెనక నిలబడిన రాజవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

డాక్టరు గారు కంట్లో లైటు వేసి చూశారు, లోపలి ఒత్తిడి కొలిచారు. నీటికాసులు అన్నారు, ఇంగ్లీషులో గ్లకోమా. శుక్లం కాదట. శుక్లమైతే ఆపరేషన్ చేస్తే చూపు వస్తుంది. ఇందులో పోయిన చూపు రాదు, ఉన్నదాన్నే కాపాడుకోవాలి. రోజూ చుక్కల మందు వేసుకోవాలి. మిగతా పరీక్షలకు తెల్లారి హన్మకొండ కంటి దవాఖానకు రమ్మని చీటీ రాసిచ్చారు.

"నొప్పేం లేదు కదమ్మా" అన్నాను నర్సమ్మతో, బతిమాలుతున్నట్టుగా.

"అదే దీనితోని తిప్పలు, బాపూ. షుగర్ లెక్క, బీపీ లెక్క సప్పుడు చెయ్యకుంట తింటది. మీ ఇంట్ల ఇంకెవలికన్న ఉండెనా?"

మా నాయన సంగతి, స్వామి కోపం సంగతి చెప్పాను. ఆమె నవ్వలేదు.

"దేవునికేం కోపం? ఇది రక్తంల వస్తది. తోడబుట్టినోళ్లుంటె జల్ది చూపియ్యాలె."

స్వామికి కోపం లేదని తెలిస్తే ఊరట కలగాలి. కలగలేదు. కోపమైతే మొక్కుకుంటే తగ్గుతుంది. రక్తానికి ఏమని మొక్కుకోను?

నాకు ఒక్కడే తమ్ముడు, బాలరాజు. కాశిబుగ్గలో ఉంటాడు. ఎనిమిది మంది పిల్లలను ఆటోలో బడికి తీసుకుపోతాడు. ఈ రెండు నెలల్లో ఆ ఆటో ఎడమ రేకు రెండుసార్లు సొట్టపోయింది. ఒకసారి బడి గేటుకు తగిలింది, ఇంకోసారి ఎవరిదో బండికి. గేటు పెట్టినోనికే బుద్ధి లేదని వాడంటే నేనూ నవ్వాను.

తెల్లారితే సోమవారం.

పొద్దు గూకక ముందే వాడింటికి పోయాను. ఆటో వాకిట్లోనే ఉంది. ఎడమ వైపు మూడో సొట్ట కనబడింది, కొత్తది. బాలరాజు అరుగు మీద చాయ్ తాగుతున్నాడు. వాడి భార్య నవత కుర్చీ వేసింది.

"సంఘం కాంపుకు పోయొచ్చిన. కుడి కన్ను మూసుకో తమ్మీ. నా ముక్కు చూడు" అన్నాను.

"నీ ముక్కుల ఏమున్నది అన్నా, చూడనీకి? వదిన ముప్పై ఏండ్ల సంది చూస్తనే ఉన్నది."

"చూడు జర. నా వేళ్లు కనబడంగనే చెప్పు."

నా మాటలోని వణుకు విన్నాడేమో, చాయ్ గ్లాసు పక్కన పెట్టాడు. కుడి కన్ను అరచేత్తో మూసుకుని నన్ను చూశాడు. నర్సమ్మ చేసినట్టే చెయ్యి చాపి, వాడి ఎడమ పక్కన రెండు వేళ్లు ఆడించడం మొదలుపెట్టాను.

వాడు చూస్తూనే ఉన్నాడు. ముఖంలో చిరునవ్వు పోలేదు.

"మొదలుపెట్టు మరి" అన్నాడు.

వేళ్లు ఆడిస్తూనే ఉన్నాను.

గుమ్మంలో నిలబడ్డ నవత నన్ను చూసింది, వాణ్ని చూసింది. "బావ ఎప్పటిసందో ఆడిస్తాండు కదా" అంది మెల్లగా.

బాలరాజు తల తిప్పాడు. నా చెయ్యి చూశాడు. అరచెయ్యి దించేశాడు.

"నువ్వేమన్న డాక్టర్వా? పొద్దుగాల్ల కాంపుకు పోయి వచ్చి, నాకు రోగం అంటగడ్తానవ్!"

"నాకూ ఇట్లనే అయింది, బాలరాజు. రాజవ్వ వేళ్లు నలగ్గొట్టిన. నేను కొట్టింది పంజాతోని."

వాడికి అర్థమైంది. ఆటో వైపు చూశాడు. తర్వాత తనే కుడి కన్ను మూసుకుని, "ఇంకోపారి పెట్టు" అన్నాడు. పెట్టాను. ఈసారి కొంచెం కొంచెంగా ముందుకు తెచ్చాను. "ఇగో, ఇప్పుడు" అన్నప్పుడు నా వేళ్లు నా చెవి దగ్గరున్నాయి.

"నాయినకు కూడ ఇదేనా?"

"ఇదే కావచ్చు. అప్పుడు ఎవలు చూసిండ్రు?"

"ఎడమ దిక్కు కూసునేది చిన్నపిల్లలే, అన్నా" అన్నాడు. జేబులోంచి తాళంచెవి తీసి నా చేతిలో పెట్టాడు. "తీస్కపో. ఇంట్ల ఉంటె పొద్దుగాల తీస్త, నాకు తెలుసు."

నవత ఫోను అందుకుంది. వేలు నంబరు మీద పెట్టి ఆగింది. "పిల్లల తల్లిదండ్రులకు ఏమని చెప్పాలె? ఆటో ఖరాబైందని చెప్పనా?"

నేను వాడి ముఖం చూశాను. వాడు నేలను చూస్తున్నాడు.

"వద్దు" అన్నాడు. "కండ్లని చెప్పు."

అవతల ఎవరో ఫోను ఎత్తారు. నవత గొంతు సవరించుకుంది. నేను తాళంచెవిని జేబులో, హన్మకొండ చీటీ పక్కన పెట్టుకున్నాను.