లీదియా లెక్కలోకి రాని ఆదివారం

తలుపు వెనక కొక్కేనికి చెయ్యి వేశాక గానీ అక్కడ సంచి లేదన్న సంగతి లీదియాకు గుర్తు రాలేదు. తనలో తానే నవ్వుకుంది. ఆదివారం తెల్లవారగానే జెండాల సంచి భుజాన తగిలించుకోవడం అంతగా అలవాటైపోయింది మరి. సంచి నిన్ననే హరిత ఇంటికి వెళ్లిపోయింది. ఇవాళ లీదియా కూడా అందరిలాగే ఉత్తచేతులతో వెళ్లి, మ్యాప్ పుచ్చుకుని పరుగెత్తాలి.

హైటెక్ సిటీలో ఒక ఆఫీసు భవనంలో ఆమె నర్సు. కింది అంతస్తులో లిఫ్టుల పక్కన ఒక మంచం, ఒక బీపీ మిషను ఉన్న చిన్న గది ఆమెది. యాభై దాటిన మనిషి. పొట్టిగా, కాస్త బొద్దుగా, జుట్టు బిగించి ముడి వేసుకుని ఉంటుంది. మాత్ర తీసుకుని వెళ్లినవాళ్లు లిఫ్టు ఎక్కేలోపే ఆమె మొహం మరిచిపోతారు. కాలేజీలో ఎన్‌సీసీ క్యాంపులో నేర్చుకున్న ఓరియెంటీరింగ్ మాత్రం ఆమెను వదల్లేదు. మ్యాపూ కంపాసూ పట్టుకుని, రాళ్ల మధ్యా పొదల పక్కనా కట్టిన జెండాలను వరసగా పట్టుకుంటూ పోయే ఆట అది. మెడనొప్పని, నిద్ర పట్టడం లేదని వచ్చినవాళ్లకు మాత్ర ఇస్తూ, "ఆదివారం ఖాళీయేనా అండి?" అని మెల్లగా అడిగేది. క్లబ్బు అలా పుట్టింది. మొదట మాత్రల కోసం వచ్చినవాళ్లే సభ్యులు. తర్వాత వాళ్ల ఇంట్లోవాళ్లు వచ్చారు. ఆ తర్వాత కూకట్‌పల్లి నుంచి ఒక అపార్టుమెంటుకు అపార్టుమెంటే దిగింది.

ఇన్నేళ్లూ జెండాలు కట్టింది ఆమే కాబట్టి ఆమె ఎన్నడూ ఆడలేదు. ఎక్కడేముందో తెలిసినవాళ్లకు ఇందులో ఆటేముంది? ఇప్పుడు ఆఫీసు వేరేచోటికి మారిపోతోంది. ఆమెకు రాజమండ్రిలో నర్సింగ్ కాలేజీలో పని దొరికింది. రైలు ఈ సాయంత్రమే. క్లబ్బు ఎవరు చూసుకుంటారని అడిగితే అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చివరికి కడప పిల్ల హరిత నోరు విప్పింది. ఒక్కసారి కట్టి చూస్తానంది. ఒక్క జెండా తప్పు చోట పడినా మళ్లీ తనను అడగొద్దని షరతు కూడా పెట్టింది. ఈ ఆటలో అంతకంటే పెద్ద తప్పు లేదు. ఒక్క జెండా తప్పినా ఆ రోజు ఆటంతా రద్దే.

కోకాపేట టవర్ల వెనక పగలగొట్టకుండా మిగిలిన రాళ్ల గుట్టే వాళ్లు ఎక్కువగా ఆడే మైదానం. దానికి పార్కని పేరు పెట్టి గేటు బిగించారు. గేటు దగ్గర పెద్దన్న కాపలా. చేతిలో మ్యాపున్నా మనిషిని అడగనిదే అడుగు పడని ఊరిది. మొదటిసారి ఆట పెట్టినప్పుడు అందరూ పెద్దన్ననే అడిగారు, పెద్దన్న అందరినీ చెయ్యి పట్టుకుని మరీ జెండా జెండా దగ్గరికి తీసుకెళ్లాడు. ఆ రోజు ఫస్టొచ్చింది పెద్దన్నేనని ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు. దారి అడిగినవాళ్ల ఆట చెల్లదని లీదియా అప్పుడే రూలు పెట్టింది.

అందరూ బయల్దేరాక చివర్లో ఆమె కదిలింది. మొదటి జెండాలు ఇట్టే దొరికాయి. జెండాకు కట్టిన పంచ్‌తో తన కార్డు మీద గుర్తు నొక్కుతుంటే చిన్నపిల్లలా ఒళ్లు పులకరించింది. తర్వాతిది ఏనుగు రాయి దగ్గర. మ్యాపును అలా ఒకసారి చూసి, రాయి ఉత్తరం వైపుకు నేరుగా వెళ్లిపోయింది. జెండా లేదు. చుట్టూ తిరిగింది. పొద కింద వంగి చూసింది. లేదు.

పిల్ల తప్పు కట్టిందా? ముందు వెళ్లినవాళ్లంతా ఈపాటికి గేటు దగ్గర గొడవ చేస్తుంటారు. హరిత మాటంటే మాటే, మళ్లీ సంచి ముట్టదు. జెండాలన్నీ ఎవరింట్లోనో అటక ఎక్కుతాయి. ఆమె మళ్లీ చుట్టింది, మళ్లీ మళ్లీ చుట్టింది.

పెద్దన్న కర్ర ఊపుకుంటూ వచ్చాడు. "ఏంది మేడం, గీడనే తిరుగుతున్రు? జర చెప్పన్నా?"

"వద్దు పెద్దన్నా, చెప్పకు. మిగతావాళ్లు కూడా ఇక్కడే వెతికారా, అదొక్కటి చెప్పు."

"గీడికి ఎవ్వరు రాలే. అందరు ఆ గుంతదిక్కు పోయిన్రు. మీరొక్కరే గిట్లొచ్చిన్రు."

"చెప్పేశావుగా!"

"నేనేడ చెప్పిన? మీరడిగిన్రు."

లీదియా అప్పుడు మ్యాపును సరిగ్గా చూసింది. గుర్తు రాయికి అవతల, చిన్న గుంతలో ఉంది. రాయి పక్కన ఎప్పుడూ తాను కట్టే చోటికి కాళ్లు వాటంతటవే వచ్చాయి. ఆ గుంత నిండా చెత్తని ఆమె ఏనాడూ అటు కట్టలేదు. వెళ్లి చూస్తే గుంత శుభ్రంగా ఉంది. చెత్త ఎత్తిన గోతాలు పక్కన మూతి కట్టి ఉన్నాయి. తడి ఎర్రమట్టిలో జెండా నిటారుగా నిలబడి ఉంది.

గేటు దగ్గరికి అందరికంటే చివర చేరింది. హరిత మొహంలో నెత్తురు లేదు.

"ఏమైంది మేడం? యాడన్నా తప్పు కట్టినానా?"

"అన్నీ ఉండాల్సిన చోటే ఉన్నాయమ్మా. నేనే పెద్దన్నను అడిగాను."

హరిత కార్డు వైపు చూసింది, ఆమె వైపు చూసింది.

"అట్లయితే మీది లెక్కలోకి రాదు మేడం."

"రాదు. కొట్టెయ్యి."

హరిత పెన్నుతో అడ్డంగా గీత గీసింది. పెద్దన్న ముందు నవ్వాడు, ఆ తర్వాత అందరూ నవ్వారు. లీదియా కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది. అంతలో వచ్చే ఆదివారం ఆట ఎక్కడని ఎవరో అడిగారు. అడిగినవాళ్లు లీదియా వైపు తిరగలేదు. హరిత కూకట్‌పల్లి అంది, ఇంకొకరు మదీనాగూడ అన్నారు, వాదన మొదలైంది. లీదియా మజ్జిగ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, గేటు పక్క సిమెంటు బల్ల మీద కూర్చుని బూట్లు విప్పి చెప్పులేసుకుని, ఎవరి మాటకూ అడ్డురాకుండా స్కూటర్ తీసింది. పెద్దన్న ఒక్కడే గేటు తెరుస్తూ చెయ్యెత్తాడు.

జెండాలన్నీ విప్పుకుని హరిత తిరిగొచ్చేసరికి ఎండ ముదిరింది. సిమెంటు బల్ల కింద ఒక జత కాన్వాసు బూట్లున్నాయి. లేసుల నిండా పల్లేరుకాయలు, మడమల దాకా ఎర్రమట్టి, ఇంకా తడిగానే.